అప్‌డేట్: వానలోనే 5 కిలోమీటర్లు పరిగెత్తాను

ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు వంగిపోయే జబ్బు) బాధితుల సహాయం కోసం నల్లగొండలో పెట్టిన 5కే పరుగుకు ఈ ముసురులో వెళ్లాలా వద్దా అని అడిగాను కదా. వెళ్లాను, పూర్తి చేశాను. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

అన్నింటికన్నా పనికొచ్చింది కాటన్ టీషర్ట్ వద్దన్న మాట. కాటన్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, ఒరుసుకుని చర్మం మండుతుంది. నేను పాలిస్టర్ వేసుకున్నాను. కాలివేళ్ల మధ్య, మడమలకు వాజిలిన్ దట్టంగా రాశాను, ఒక్క బొబ్బ కూడా రాలేదు. రోడ్డు మీది తెల్ల గీతలు తడిస్తే బాగా జారుతాయి, జాగ్రత్త. క్లాక్ టవర్ దగ్గర నిలబడి ఎదురుచూసినప్పుడే అసలు వణుకు, పరుగు మొదలయ్యాక చలి తెలియలేదు. పానగల్ వైపు ఎదురుగాలికి మాత్రం కాసేపు నడిచాను.

"ఇంత వానలో ఎందుకు" అని ఒకరు అడిగారు. మాది మర్రిగూడ వైపు. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా నాయనమ్మ బతుకంతా ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లే తాగింది. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లొస్తున్నా, వంగిన ఎముకలు మళ్లీ నిటారు కావు. అలాంటి వాళ్లకు మందులు, చేతికర్రలు కావాలి. జనం తక్కువే వచ్చారు కానీ, రానివాళ్ల ఫీజు కూడా సహాయానికే పోతుందట.

బూట్లలో పాత పేపర్లు కుక్కి ఫ్యాన్ కింద పెట్టాను, ఆరుతున్నాయి.