జుమా ప్రసంగాల్లో రాజకీయ సందేశాన్ని ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న (ఏయూ జర్నలిజం విద్యార్థి):
విశాఖ మసీదుల జుమా (శుక్రవారం సామూహిక నమాజు) ప్రసంగాల మీద డిసర్టేషన్ చేస్తున్నానండి. రికార్డింగుల్లో ఓటు, ఎన్నిక, పార్టీల పేర్లు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెడుతున్నా. ఈ పద్ధతి సరిపోతుందా?

జవాబు (పాతపోస్టాఫీసు వాసి):
సరిపోదండి. ముందు ప్రతి రికార్డింగునూ రెండుగా విడగొట్టండి. హనఫీ (ఇస్లాం న్యాయ సంప్రదాయాల్లో ఒకటి) మసీదుల్లో మొదట ఉర్దూలోనో తెలుగులోనో బయాన్, అంటే ఉపన్యాసం, ఉంటుంది. రెండో అజాన్ అయ్యాక ఇమామ్ మింబర్ (ప్రసంగ వేదిక) మీద నిలబడి అరబ్బీలో రెండు ఖుత్బాలు (లాంఛనంగా చేసే ప్రసంగాలు) చదువుతారు, నడుమ కాసేపు కూర్చుంటారు. ఆ తర్వాతే రెండు రకాతుల (ఆవృత్తుల) నమాజు. వక్ఫ్ స్థలాలు, పిల్లల చదువు, ఓటరు జాబితా వంటి ఊరి సంగతులు వచ్చేది బయాన్‌లోనే. అరబ్బీ ఖుత్బా చాలాచోట్ల పుస్తకం చూసి చదివేదే. రెండూ కలిపి లెక్కేస్తే ఏదీ తేలదు. ఈద్ ప్రసంగాలు వేరే ఫైల్లో పెట్టండి, అక్కడ నమాజు ముందు, ఖుత్బా తర్వాత.

ఖుత్బా జరుగుతుండగా మాట్లాడకూడదు. కమిటీ అనుమతి తీసుకుని, రికార్డర్ ముందే పెట్టేయండి.

జవాబు (దక్కన్ చరిత్ర):
రెండో ఖుత్బాలో వచ్చే దుఆని (దేవుణ్ణి వేడుకోవడాన్ని) మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. నాణెం మీద ఎవరి పేరుందో, ఖుత్బాలో ఎవరి పేరు చదివారో చూసి రాజ్యం ఎవరిదో చెప్పేవారు. 1171లో కైరోలో ఫాతిమీ ఖలీఫా పేరు తీసేసి అబ్బాసీ ఖలీఫా పేరు చదివించడంతోనే సలాహుద్దీన్ అధికార మార్పిడిని చాటాడు. మనకు దగ్గరిది 1636: షాజహాన్ ఒత్తిడికి లొంగిన అబ్దుల్లా కుతుబ్‌షా, ఖుత్బాలో ఇరాన్ షా పేరు బదులు మొఘల్ చక్రవర్తి పేరు చేర్చడానికి ఒప్పుకున్నాడు. అప్పటికి ఈ తీరం కూడా గోల్కొండ ఏలుబడిలోనే ఉంది. కాబట్టి దుఆలో ఏ పేరు చేరింది, ఏది పోయింది అన్నది వారం వారం రాసుకోండి.

జవాబు (బయాన్ నోట్స్):
పార్టీ పేర్లు వెతికితే దాదాపు ఏమీ దొరకదు. ప్రార్థనా స్థలాల్ని రాజకీయ పనులకు వాడనివ్వకూడదని 1988 చట్టం ఉంది, కమిటీలకు ఆ సంగతి తెలుసు. విమర్శ కథలో వస్తుంది. ఈజిప్టు రాజు ఫిరౌన్, అతన్ని ఎదిరించిన ప్రవక్త మూసా ప్రస్తావనే తీసుకోండి. పాలకుడి పేరెత్తకుండానే దౌర్జన్యం గురించి చెప్పేయొచ్చు. అయితే ముహర్రం పదో రోజు దగ్గర్లో ఆ కథ ఎలాగూ వస్తుంది, ఆషూరా అనే ఆ రోజుకి దానితో సంబంధముంది. దాన్ని రాజకీయం కింద రాస్తే మీ లెక్క తప్పుతుంది. ఆషూరా కాని వారంలో, ఏదైనా గొడవ జరిగిన వెంటనే వస్తేనే గుర్తు పెట్టండి. జుల్మ్ (దౌర్జన్యం), సబ్ర్ (సహనం) మాటలకీ ఇదే జాగ్రత్త: ఏ గొడవా లేని వారాల్లో అవి ఎంత తరచుగా వస్తాయో ముందు చూసుకోవాలి.