ఇంటి వీడియో డీవీడీ కంప్యూటర్‌లో ఆగిపోతోంది: లోపం డ్రైవుదా, ప్లేయర్‌దా?

చిగురు: పన్నెండేళ్ల క్రితం ఇంట్లో తీసిన గంట వీడియోను డీవీడీ మీద రాయించి దాచుకున్నాము. టీవీకి కలిపిన ప్లేయర్‌లో చక్కగా ఆడుతోంది. కంప్యూటర్‌లో పెడితే మాత్రం నలభయ్యో నిమిషం దగ్గర బొమ్మ గళ్లుగా విడిపోయి నిలిచిపోతోంది. విండోస్ 10 మీద వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ వాడుతున్నాను. సీడీలకు ఏ ఇబ్బందీ లేదు. ఏం మార్చాలి?

సూత్రధారి: డ్రైవు సీడీలను చదువుతోంది కనుక దానిలో లోపం లేదు. విండోస్ 10లో డీవీడీ ఆడించే సదుపాయమే సొంతంగా లేదు. డీవీడీలోని వీడియోను విప్పి చూపే ఎంపెగ్-2 డీకోడర్ విడిగా ఉండాలి. చిక్కంతా అక్కడే ఉంటుంది.

పాతకాపు: ఈ మాట ఒప్పుకోలేను. సీడీని 780 నానోమీటర్ల లేజరుతోను, డీవీడీని 650 నానోమీటర్ల లేజరుతోను చదువుతారు కనుక, ఒకటి బలహీనపడినా రెండోది పనిచేస్తూ ఉండవచ్చు. పైగా వీఎల్‌సీలో డీకోడర్ ముందే ఉంటుంది. అదే లేకపోతే మొదటి నిమిషం కూడా కనబడేది కాదు. డీవీడీ మీద రాత లోపలి వలయం నుంచి అంచు వైపు సాగుతుంది. నలభై నిమిషాలు ఆడి ఆగిందంటే, చదవడం కష్టమైన చోటు అంచుకు దగ్గరగా ఉందని నా అనుమానం.

మినుగురు: రీజియన్ కోడ్, అంటే డిస్కు ఏ దేశాల్లో ఆడాలో నిర్ణయించే గుర్తు, సరిచూశారా?

పాతకాపు: ఇంటి వీడియోకు ఆ బాధ లేదు. డ్రైవులో రీజియన్‌ను ఐదుసార్లకు మించి మార్చనివ్వదు కనుక, దయచేసి దాని జోలికి వెళ్లవద్దు.

సూత్రధారి: లేజర్లు రెండంటున్నారు గాని, చాలా డ్రైవుల్లో కటకం ఒక్కటే. అది బాగుంటే రెండూ చదవాలి కదా?

పాతకాపు: కటకం ఒకటే కావచ్చు, దాని వెనుక కాంతి పుట్టించేవి వేరు.

సూత్రధారి: కటకం గురించి నేనన్నది నిజమేనని ఒప్పుకున్నారు, సంతోషం. చిగురు గారూ, వీఎల్‌సీలో హార్డ్‌వేర్ డీకోడింగ్ (వీడియోను గ్రాఫిక్స్ చిప్ చేత విప్పించడం) ఆపి, డిస్కు కాషింగ్‌ను (ముందుగా చదివి ఉంచుకునే వ్యవధిని) 300 నుంచి 1000 మిల్లీసెకన్లకు పెంచి మళ్లీ ఆడించండి. గతంలో ఒక మరమ్మతు దుకాణంలో నాచేత అనవసరంగా కొత్త డ్రైవు కొనిపించారు. చివరికి లోపం ఒక సెట్టింగులో బయటపడింది. ఇంకొకరి డబ్బు అలా పోకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పాతకాపు: నేను డ్రైవు కొనమని ఎక్కడ రాశాను? మీ కోపం ఆ దుకాణం మీద, సమాధానం నాకు. మా అమ్మ మాట్లాడిన ఒకే ఒక్క వీడియో ఇలాంటి డిస్కు మీదే ఉండేది. రోజుకొక సెట్టింగు మార్చి ఆడించి చూస్తూ నెల గడిపాను. ఆ తరువాత డ్రైవు డిస్కునే గుర్తించలేదు. ఆడించడం వల్ల పాడైందని అనను. రాసే డిస్కుల్లోని రంగుపొర కాలంతోపాటు దానంతటదే క్షీణిస్తుంది. చేతిలో ఉన్న ఆ నెల రోజుల్లో కాపీ తీసుకోకపోవడమే నా తప్పు. మీరు కంప్యూటర్‌ను బాగుచేయాలని చూస్తున్నారు, నేను వీడియోను కాపాడాలంటున్నాను. మన తగాదా ఇదే, కటకం కాదు.

సూత్రధారి: అమ్మగారి విషయం నాకు తెలియదు, క్షమించండి. అయినా కారణం తెలియకుండా కాపీ మొదలుపెడితే అదీ మధ్యలో ఆగదా?

పాతకాపు: ఆగితే ఆ ఆగడమే కారణం చెబుతుంది. డిస్కులో వీడియో ఫైళ్లుండే వీడియో_టీఎస్ ఫోల్డరును హార్డ్‌డిస్కుకు కాపీ చేయండి. కాపీ పూర్తయ్యాక కూడా బొమ్మ తడబడితే సూత్రధారి గారి మాట నిజం. అదే చోట కాపీ నిలిచిపోతే లోపం డిస్కులోనో డ్రైవులోనో ఉన్నట్టు. ముందుగా మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి, గుండ్రంగా తుడవవద్దు.

చిగురు: తుడిచి ప్రయత్నించాను. రెండు ఫైళ్లు పూర్తిగా వచ్చాయి, మూడోది చివరికి వచ్చి నిలిచిపోయింది. వచ్చినవి హార్డ్‌డిస్కు నుంచి ఏ తడబాటూ లేకుండా ఆడుతున్నాయి.

సూత్రధారి: అయితే సెట్టింగులు వదిలేయండి. మిగతా భాగాన్ని వేరే కంప్యూటర్ డ్రైవులో ఈ రోజే ప్రయత్నించండి; ఒక డ్రైవు వదిలేసిన చోటును మరొకటి చదవడం నేను చూశాను.