‘యానిమల్ ఫామ్’ ఎవరి మీద రాసింది: స్టాలిన్ మీదా, విప్లవం మీదా?

నెల్లూరు చదువరి:
రష్యా విప్లవాన్ని పశువుల కథగా మలిచి జార్జ్ ఆర్వెల్ 1945లో తెచ్చిన ఈ నవలను చాలామంది ‘చూశారా, ఏ విప్లవమైనా ఇంతే’ అనడానికి వాడుకుంటున్నారు. పశువులు యజమాని జోన్స్‌ను తరిమేస్తాయి, పందులు పెత్తనానికొస్తాయి, వాటిలో నెపోలియన్ అనే పంది (స్టాలిన్) స్నోబాల్‌ను (స్టాలిన్ ప్రత్యర్థి ట్రాట్‌స్కీని) వెళ్ళగొడుతుంది. కథ దారి తప్పింది అంతకు చాలా ముందే అంటాను. జోన్స్ పోయిన మర్నాడు ఐదు బకెట్ల పాలు పిండుతారు. పశువులు గడ్డి కోతకెళ్ళి సాయంత్రం వచ్చేసరికి పాలు లేవు. తర్వాత ఆపిల్ పండ్లూ పందులకే అన్నారు. అన్నిటికీ కొట్టుకునే నెపోలియన్, స్నోబాల్ ఈ ఒక్క విషయంలో ఏకమయ్యాయి. మరి ఇది స్టాలిన్ ఒక్కడి కథ ఎలా అవుతుంది?

ఎర్రంచు:
చదువరి గారూ, పాల సంగతి ఒప్పుకుంటాను. కానీ రష్యా ఏదీ ఇందులో? 1918–20 అంతర్యుద్ధంలో లక్షల మంది పోయారు, ఆకలి, విదేశీ సైన్యాలు. నవలలో అది కొట్టం దగ్గర ఒక పూట పోరాటం, చచ్చింది ఒక్క గొర్రె. లెనిన్‌కు వేరే పాత్రే లేదు. పైగా పాలకులు పందులు, కార్మికుడు గుర్రం. జాతులుగా విడగొట్టాక ‘పుట్టుకే అంత’ అనిపించకుండా ఎలా ఉంటుంది? నా అభ్యంతరమల్లా ఇదే. ఇది చరిత్రను స్వభావంగా మార్చేస్తోంది.

నెల్లూరు చదువరి:
స్వభావమే అయితే క్రోన్‌స్టాట్‌ను ఏమంటారు? పెట్రోగ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) పక్కనున్న ఆ నౌకా స్థావరం విప్లవానికి కంచుకోట. 1921లో అదే నావికులు రహస్య ఓటుతో సోవియట్ (ప్రజా మండలి) ఎన్నికలు, పనిచేసే అందరికీ సమాన రేషన్ అడిగారు. సమాన రేషన్! పాల గొడవ అదేగా. లొంగిపొమ్మని హుకుం పంపింది ట్రాట్‌స్కీ. మార్చిలో ఎర్రసేన, అంటే విప్లవ ప్రభుత్వ సైన్యమే, గడ్డకట్టిన సముద్రం మీదుగా నడిచెళ్ళి అణిచేసింది. స్టాలిన్ రాజ్యానికి అప్పటికింకా టైముంది. పాలు, ఆపిల్స్ పందులు తీసుకున్నప్పుడే పశువులు గట్టిగా నిలబడి ఉంటే సరిపోయేదని ఆర్వెలే 1946లో ఒక ఉత్తరంలో రాశాడు.

ఎర్రంచు:
అదే 1921 మార్చిలో కమ్యూనిస్టు పార్టీ పదో మహాసభ ధాన్యం బలవంతపు వసూళ్ళు ఆపి, పన్ను పెట్టింది. అంటే నావికుల వెనకున్న రైతు గోడు కొంతైనా విన్నారు. నవలలో పందులు ఒక్కసారీ వెనక్కి తగ్గవు. మీరు చెప్పిన సమాంతరం సగమే నిలుస్తుంది.

రాత్రి బండి:
ఇద్దరూ బాక్సర్‌ను మర్చిపోయారు. నెపోలియన్ కుక్కలు మీద పడితే ఆ గుర్రం ఒకదాన్ని గిట్ట కింద అదిమి పెడుతుంది. తొక్కేస్తే పని అయిపోయేది. ‘చంపనా, వదలనా?’ అన్నట్టు నెపోలియన్ వైపు చూసి, వదలమనగానే కాలెత్తేస్తుంది. బలమంతా తన దగ్గరుండి, అనుమతి అడిగింది! అందులో పుట్టుక ఏముంది ఎర్రంచు గారూ, అది అలవాటు చేసిన విధేయత. ఇంకొకటి, అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ రహస్యంగా డబ్బు పెట్టిన 1954 కార్టూన్ సినిమాలో పశువులు పందుల మీద మళ్ళీ తిరగబడతాయి. కమ్యూనిజాన్ని ద్వేషించినవాళ్ళకు కూడా ఆ కథకు రెండో తిరుగుబాటు కావాల్సొచ్చింది.