స్పానిష్‌లో 'ఫుఎ' ఎప్పుడు, 'ఎరా' ఎప్పుడు?

స్పానిష్ బాగా వచ్చినవాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి. ప్రెతెరితో, ఇంపెర్‌ఫెక్తో అనే రెండు భూతకాలాల్లో ఏది వాడాలో మీరు ఎలా తేల్చుకుంటారు?

తేలిక వాక్యాలతో పేచీ లేదు. "నేను చదువుతుంటే ఫోన్ మోగింది" అనాలంటే చదవడానికి ఇంపెర్‌ఫెక్తో (లేయీయా), మోగడానికి ప్రెతెరితో (సోనో). "రోజూ ఆడుకునేవాళ్లం" లాంటి అలవాట్లకి హుగాబామోస్. తెలుగులో "వెళ్లేవాణ్ణి, తినేవాళ్లం" అని వచ్చేచోట దాదాపు ఎప్పుడూ ఇంపెర్‌ఫెక్తో సరిపోతోంది.

చిక్కంతా "ఉన్నాను", "ఉంది" దగ్గరే. ఎక్కువ కాలం సాగినదానికి ఇంపెర్‌ఫెక్తో అని తరచూ చెబుతుంటారు. మరి "మాద్రిద్‌లో 10 ఏళ్లు ఉన్నాను" అనడానికి "వివీ దియెస్ ఆన్యోస్ ఎన్ మాద్రిద్" అని ప్రెతెరితో వస్తుంది కదా! 10 ఏళ్లు తక్కువ కాలమా? అసలు ఆ సూత్రమే దారి తప్పిస్తోందని నా అనుమానం. ఎంతకాలం సాగింది అన్నది కాదు, మొదలూ చివరా కలిపి మొత్తంగా చూస్తున్నామా, లేక మధ్యలో నిలబడి చూస్తున్నామా అన్నదే లెక్క అనిపిస్తోంది. ఇది సరేనా?

సరే అనుకున్నా, "పరీక్ష కష్టంగా ఉంది" దగ్గర మళ్లీ టెన్షన్. "ఎల్ ఎక్సామెన్ ఫుఎ దిఫీసిల్" (ప్రెతెరితో), "ఎల్ ఎక్సామెన్ ఎరా దిఫీసిల్" (ఇంపెర్‌ఫెక్తో) రెండూ తప్పు కాదంటారు. పరీక్ష రాసి బయటికొచ్చి ఫ్రెండ్‌తో అంటే ఏది సహజం? రెండోది అంటే వినేవాళ్లు "అయితే తర్వాత ఏమైంది?" అని ఎదురుచూస్తారా?

వ్యాకరణ పట్టికలు వద్దండీ, అవి చాలానే ఉన్నాయి. ఇలాంటి జంట వాక్యాలు ఇంకొన్ని ఇచ్చి, ఏది ఏ సందర్భంలో అంటారో చెబితే చాలు.