వెనిజెలూ స్టేషన్‌లోని పాలరాతి వీధి: తీసి తిరిగి పరిస్తే అది అసలుదేనా?

కడలి అంచు:
కుటుంబంతో నాలుగు రోజులు థెస్సలొనీకిలో ఉండి వచ్చాను. ఉత్తర గ్రీసులోని ఈ రేవు పట్టణాన్ని క్రీ.పూ. 315 ప్రాంతంలో మాసిడోనియా పాలకుడు కసాండర్ స్థాపించి, తన భార్య పేరు పెట్టాడు. ఆమె అలెగ్జాండర్‌కు సవతి సోదరి. పొద్దున్నే తెల్ల బురుజు దగ్గర బయలుదేరి, సముద్రాన్ని ఎడమ చేతి పక్కన పెట్టుకుని పాత రేవు గిడ్డంగుల దాకా నడవడం, దారిలో వేడివేడి బుగాత్సా తినడం. పల్చటి పిండి పొరల మధ్య తీపి క్రీము పెట్టి కాల్చిన ఆ ఫలహారాన్ని వెడల్పాటి కత్తితో టకటకా ముక్కలు కొట్టి, పైన పంచదార పొడీ దాల్చిన చెక్క పొడీ చల్లి ఇస్తారు. మా అమ్మాయి రోజూ అదే అడిగింది.

నా మనసుకు గుచ్చుకున్నది మెట్రో స్టేషన్. ఎగ్నాటియా వీధి కింద వెనిజెలూ స్టేషన్ కోసం తవ్వినప్పుడు రోమన్, బైజాంటిన్ కాలాల ప్రధాన వీధి, దాని కూడలి బయటపడ్డాయి. పాలరాతి పలకలు, అంగళ్ల గోడలు అన్నీ ఉన్నాయి. కింద రైలెక్కే జనం, పక్కనే పదిహేను వందల ఏళ్ల నాటి బజారు! చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. వాటిని భాగాలుగా విడదీసి, వేరే చోట దాచి, స్టేషన్ కట్టాక తెచ్చి అమర్చారని ఆ రాత్రి చదివాను. నేను చూసింది నకలుతో సమానం అనిపించింది. 2017లో ఆ రాళ్లను అక్కడే ఉంచి స్టేషన్ కట్టే పద్ధతికి అక్కడి పురావస్తు మండలి ఆమోదం ఉంది. 2019లో ప్రభుత్వం మారాక ఆ నిర్ణయమూ మారింది. ఇది తప్పని నా అభిప్రాయం. మీరేమంటారు?

పునాది రాయి:
నేను సివిల్ ఇంజనీరును, భూగర్భ పనుల్లో పదకొండేళ్లు పనిచేశాను. సొరంగం తవ్వే యంత్రం పురావస్తు పొరలకు చాలా కిందుగా పోతుంది, దానివల్ల పైనున్న వాటికి చిక్కు లేదు. చిక్కంతా స్టేషన్‌తోనే. మనుషులు నేల మీద నుంచి దిగాలి కాబట్టి పై నుంచి కింది దాకా పెద్ద పెట్టెలా తవ్వాల్సిందే. అంత బరువైన శిథిలాలను గాలిలో నిలిపి, వాటి కింద మట్టి తీయడం కాగితం మీద కుదురుతుంది. చేసేవాడి గుండె మాత్రం చేతిలో ఉంటుంది. అది 1978లో పెద్ద భూకంపం చూసిన ఊరు కూడా.

2006లో మొదలైన పని 2024 నవంబరు 30న గానీ ప్రయాణికులకు అందలేదు. పద్దెనిమిదేళ్లు రేకుల కంచెల వెనక దుకాణాలు నడుపుకున్న వాళ్లను కూడా తలుచుకోండి. పైగా మొదటి ప్రతిపాదన ఇంతకన్నా ఘోరం. ఆ వీధిని ఎత్తి ఊరి పడమటి వైపు పాత సైనిక శిబిరంలో పెడదామన్నారు. 2013లో నగరం, పండితులు గట్టిగా ఎదురు నిలిచినందువల్లే అది ఆగింది. దానితో పోలిస్తే తన చోటికి తిరిగి వచ్చిన వీధి నకలు ఎలా అవుతుంది?

అనుపు దారి:
మాది మాచర్ల దగ్గర. ఈ ప్రశ్న నాకు గ్రీసు ప్రశ్నలా కనిపించడం లేదు.

1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉన్న లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపారు. స్తూపాలు, విహారాల్లో కొన్నింటిని నాగార్జునకొండ మీదా, కొన్నింటిని జలాశయం ఒడ్డునున్న అనుపులోనూ తిరిగి కట్టారు. అనుపు రంగస్థలం మెట్ల మీద నా చిన్నప్పుడు మా తాతయ్య నన్ను కూర్చోబెట్టి, ‘ఇది ఇక్కడిది కాదురా, అదిగో ఆ నీళ్ల అడుగున ఉండేది’ అని చెయ్యి చూపించేవాడు. ఆ మెట్లు నకలని ఆయన ఎన్నడూ అనలేదు. కానీ చెయ్యి చూపించడం కూడా ఎన్నడూ మానలేదు.

అందుకే కడలి అంచు గారూ, ‘నకలు’ అన్న మాట నేను ఒప్పుకోను. పునాది రాయి గారూ, మీతోనూ పూర్తిగా ఏకీభవించలేను. మా లోయకు వేరే దారి లేదు, నీళ్లు వచ్చేస్తున్నాయి. వాళ్లకు మరో దారి ఉంది, ఆమోదం కూడా ఉంది. దారి లేక కదిపిన రాయి, దారి ఉండీ కదిపిన రాయి ఒకటి కావు.

పాత శాసనం:
అందరూ రాళ్లను తిరిగి పెట్టారా లేదా అని వాదిస్తున్నారు. తిరిగి పెట్టనే పెట్టని రాళ్ల సంగతి కూడా ఆ ఊళ్లోనే ఉంది.

1492లో స్పెయిన్ వెళ్లగొట్టిన యూదులు పెద్ద సంఖ్యలో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల శనివారపు విశ్రాంతి కోసం రేవే పని ఆపేసేదంటే ఆ ఊరు ఎంతగా వాళ్లదో ఊహించండి. ఊరి కోట గోడల బయట వాళ్ల శ్మశానంలో 3 లక్షలకు పైగా సమాధులు ఉండేవి. 1942 డిసెంబరులో, జర్మన్ ఆక్రమణ కాలంలో, దాన్ని ధ్వంసం చేశారు. సమాధి రాళ్లు గోడల్లోకి, నడవల్లోకి పోయాయి. తర్వాతి ఏడాది 40 వేలకు పైగా యూదులను రైళ్లలో ఆష్విట్జ్ నాజీ మరణ శిబిరానికి తరలించారు. ఆ శ్మశానం నేల మీద ఇప్పుడు అరిస్టాటిల్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ ఒక స్మారకం నిలబెట్టడానికి 2014 దాకా పట్టింది.

పర్యాటకులు ఆ ప్రాంగణం పక్క నుంచే రొటుండాకు, అంటే రోమన్ల కాలపు గుండ్రటి కట్టడానికి, నడిచిపోతారు. పాలరాతి వీధి కోసం ఊరంతా వీధికెక్కడం మంచిదే. ఆ సమాధుల కోసం ఎవరూ ఎక్కలేదు. ఏది అసలు అని అడిగే ముందు ఎవరి రాయిని దాచుకున్నాం, ఎవరి రాయిని మెట్టుగా వాడుకున్నాం అని అడగాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పునాది రాయి:
శాసనం గారూ, ఈ విషయం నాకు తెలియదు. చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

అనుపు దారి గారికి ఒక్క మాట. కాగితం మీది ఆమోదం వేరు, తవ్వుతుంటే నేల ఇచ్చే అనుమతి వేరు. ఆ పద్ధతికి ఎన్నేళ్లు పట్టేదో ఎవరూ హామీ ఇవ్వలేరు. నా అభిప్రాయం మారలేదు.

కడలి అంచు:
‘నకలు’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ తాతయ్య చెయ్యి చూపించిన సంగతి చదివాక ఆ మాట నాకే బరువుగా తోచింది. ఆ వీధిని కదపకుండా ఉండవలసింది అన్న మాట మీద మాత్రం నిలబడతాను. పద్దెనిమిదేళ్లు ఆగిన ఊరు మరి కొంత కాలం ఆగగలిగేది.

శాసనం గారూ, మేము ఆ ప్రాంగణం పక్కగా రెండుసార్లు నడిచాం. ఏమీ తెలియకుండా నడిచాం. వచ్చే ఏడాది మా తమ్ముడు వెళ్తున్నాడు. అతనికి ఏం చెప్పమంటారు?

పాత శాసనం:
వెనిజెలూ స్టేషన్‌లో ఆ వీధిని తప్పకుండా చూడమనండి. పైకి వచ్చాక సముద్రం వైపు నడిస్తే కొద్ది దూరంలోనే అగియూ మినా వీధి, అందులో యూదు మ్యూజియం ఉన్నాయి. ఆ శ్మశానం నుంచి మిగిలిన సమాధి రాళ్లను అక్కడ కింది అంతస్తులో నిలబెట్టారు, పక్కన పాత ఫోటోలు ఉంటాయి. ఒక గంట చేతిలో ఉంచుకుని వెళ్లమనండి.