మూతబడిన జనపనార మిల్లును సంగీత, కళా ప్రాంగణంగా మార్చడం సమంజసమేనా?

మూడులాంతర్లు:
విజయనగరంలో ఏళ్ల తరబడి తాళం పడి ఉన్న ఒక జనపనార మిల్లు షెడ్లను కూల్చకుండా కచేరీలకు, నాటకాలకు, చిత్రకళా ప్రదర్శనలకు వాడుకోవచ్చన్న మాట కళాభిమానుల మధ్య కొంతకాలంగా నలుగుతోంది. నేను దానిని సమర్థిస్తున్నాను. 1919లో సంగీత కళాశాల వెలసి, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ ఆచార్యులుగా పనిచేసిన ఊరిది. ఆనందగజపతి ఆడిటోరియం ఉంది కదా అని కొందరంటున్నారు. అది ఒక పూట సభకు సరిపోతుంది గాని, నాటకం వేయబోయే కుర్రాళ్లు పదిరోజులు రిహార్సల్ చేసుకోవడానికి అద్దె ఎక్కడి నుంచి తెస్తారు? హెల్సింకిలో నోకియా సంస్థ కేబుల్ ఫ్యాక్టరీ ఖాళీ అవుతున్నప్పుడు అందులో గదులు అద్దెకు తీసుకున్న కళాకారులే దానిని కాపాడుకున్నారు. 1991లో నగరపాలక సంస్థ దాని నిర్వహణకు ప్రత్యేకంగా ఒక కంపెనీని ఏర్పాటు చేసింది. బ్రెజిల్‌లోని సావో పాలోలో ఇనుప పీపాల (డ్రమ్ముల) ఫ్యాక్టరీ ఇటుక గోడలను అలాగే నిలిపి, వాస్తుశిల్పి లీనా బో బార్డీ తీర్చిదిద్దిన ప్రాంగణం 1982లో తెరుచుకుంది. అక్కడ చదువుకునే గదీ ఉంది, నాటకశాలా ఉంది. మనకెందుకు సాధ్యం కాదు?

గోగునార:
మూడులాంతర్లు గారి ఉదాహరణలు బాగున్నాయి గాని, ఆ మిల్లు ఎవరికీ చెందని ఖాళీ భవనమన్నట్లు మొదలైన వాదనను నేను అంగీకరించలేను. మా నాన్నగారు అందులో స్పిన్నింగ్ విభాగంలో పనిచేశారు. గేటుకు లాకౌట్ నోటీసు అంటించిన నాటి నుంచి గ్రాట్యుటీ కోసం కాళ్లరిగేలా తిరిగి, అది చేతికందకుండానే కన్నుమూశారు. అప్పుడు అమల్లో ఉన్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ప్రకారం దానిని ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల వేతనం చొప్పున లెక్కగట్టి ముప్ఫై రోజుల్లో చెల్లించాల్సింది. కంపెనీ దివాలా తీసి ఆస్తులు అమ్మవలసి వస్తే, 2016 నాటి దివాలా స్మృతి కార్మికుల చివరి 24 నెలల బకాయిలను తాకట్టు పెట్టుకున్న రుణదాతలతో సమాన వరుసలో నిలబెడుతుంది. చట్టంలో ఇంత ఉన్నా, ఆ బకాయిలు రాబట్టుకోవడానికి మిగిలినవి ఆ భూమీ, ఆ షెడ్లే. వాటిని కళల పేరుతో ముందుగా వేరొకరి చేతిలో పెడితే మా వాళ్లు ఎవరిని అడగాలి? ఈ జిల్లాలో మిల్లు గొడవ అంటే చిన్న విషయం కాదు. 1994లో నెల్లిమర్లలో పోలీసు కాల్పులకు ఐదుగురు కార్మికులు బలయ్యారు.

ముంబయి సంగతి కూడా గుర్తుచేయాలి. 1982 సమ్మె తరువాత క్రమంగా మూతబడిన బట్టల మిల్లుల స్థలాల్లో వెలసినవి చాలావరకు మాల్స్, కార్యాలయాలు, పబ్బులు. కమలా మిల్స్ ఆవరణలోని పబ్బులో 2017 డిసెంబరులో మంటలు చెలరేగి 14 మంది చనిపోయారు. ఇక్కడ కూడా మొదట వీణ కచేరీ అంటారు, రెండో ఏడాదికి పెళ్లి రిసెప్షన్లు మొదలవుతాయి.

వీణసాధకుడు:
బకాయిల మాట పెద్దలు తేల్చాలి. నాకు తెలిసినది శబ్దం గురించి. సిమెంటు గచ్చు, ఇటుక గోడలు, ఎత్తైన రేకు కప్పు ఉన్న పొడవాటి షెడ్డులో ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి, ఆ మోత ఎంతసేపు తిరుగుతుందో తెలుస్తుంది. బొబ్బిలి వీణ మీద గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) సాగుతుండగానే అంతకు ముందు స్వరం మోత వచ్చి దాని మీద పడితే శ్రోతకు మిగిలేది గందరగోళమే. రొమ్ముకు కట్టుకున్న తప్పెట్లు వాయిస్తూ ఆడే తప్పెటగుళ్ల బృందానికైతే షెడ్డు కంటే బయటి ఆవరణే మేలు. విచిత్రమేమిటంటే, దీనికి మందు ఆ మిల్లు సరుకులోనే ఉంది: దట్టమైన జనపనార ఫెల్టును గోడకు కొంచెం ఎడంగా వేలాడదీస్తే శబ్దాన్ని బాగా పీల్చుకుంటుంది. అయితే అది తేలికగా అంటుకుంటుంది కనుక ముందు మంటలను అడ్డుకునే మందు పట్టించాలి. నారను మెత్తబరచడానికి బ్యాచింగ్‌లో చల్లిన నూనె గచ్చులో ఇంకి ఉంటుంది, దూలాల మీద నార ధూళి పేరుకొని ఉంటుంది. పాత రేకులు ఆస్‌బెస్టాస్‌వి అయితే వాటిని కోసినా, తొలిచినా లేచే ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. గోడల మీద బొమ్మలు వేయడం వీటన్నింటి తరువాతి పని.

పెద్దచెరువుగట్టు:
రాత్రి పది దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మామూలుగా పనికిరావని 2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. చుట్టూ ఇళ్లున్నాయని కూడా గుర్తుంచుకోండి.

మూడులాంతర్లు:
గోగునార గారి బాధను నేను తేలిక చేయడం లేదు. కానీ బకాయిల వ్యాజ్యం తేలేదాకా ఎదురుచూద్దామంటే నాలుగు వానాకాలాలకు కప్పు కూలుతుంది, ఇనుము దొంగల పాలవుతుంది, అప్పుడు ఆ ఆస్తికి వచ్చే ధర కూడా తగ్గుతుంది. యాజమాన్య హక్కును కదపకుండా, న్యాయస్థానం అనుమతితో ఒక్క షెడ్డును స్వల్పకాలపు అద్దెకు తీసుకుంటే భవనమూ నిలుస్తుంది.

గోగునార:
అలాగైతే ఆ అద్దె ఎవరి ఖాతాలో పడుతుందో ఒప్పందంలో ముందే రాయండి. కార్మికుల బకాయిల ఖాతాలోనే పడాలి, లెక్కలు చూసే కమిటీలో మిల్లు పాతకార్మికులు ఇద్దరుండాలి, కాపలా, కరెంటు, మరమ్మతు పనులకు మొదట వాళ్ల కుటుంబాల వారినే పిలవాలి. ఈ మూడూ కాగితం మీదికి వస్తే నేను కూడా సంతకం పెడతాను. రాకపోతే గేటు దగ్గర మా సంఘం వాళ్లు కూర్చుంటారు.