క్రిస్మస్‌కు పిల్లల కోసం పులియని ద్రాక్ష పానీయం చేయడం ఎలా?

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక తల్లి)

మా అత్తగారింట్లో ఏటా నవంబరులోనే నల్లద్రాక్ష, పంచదార, గుప్పెడు గోధుమలు, కొద్దిగా ఈస్ట్ జాడీలో వేసి, వాసెన కట్టి, క్రిస్మస్ నాటికి వైన్ సిద్ధం చేస్తారు. ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చాక కేకుతో పాటు దానిని చిన్న గ్లాసుల్లో అందరికీ పోస్తారు. ఇంట్లో చేసినదే కదా, ఒక్క గుటకకు ఏమవుతుందంటూ పిల్లలకు కూడా ఇస్తుంటే నాకు మనసొప్పడం లేదు. మా పాపకు ఆరేళ్లు, బాబుకు మూడేళ్లు.

నిరుడు వాళ్ల కోసం వేరుగా ద్రాక్షరసం తీసి, సీసాలో పోసి, మూడు రోజుల ముందే వంటగది గట్టు మీద ఉంచాను. పండగనాడు మూత తీయగానే బుస్సుమని పొంగి చీర మీద పడింది. "నీది కూడా వైనే అయిందమ్మా" అని అత్తగారు నవ్వారు. నేను ఈస్ట్ వేయనే లేదు కదా, మరి ఎందుకలా జరిగింది? ఈసారి పులియకూడదు, కానీ రంగు మాత్రం పెద్దల గ్లాసులో ఉన్నట్లే ఉండాలి. లేకపోతే మా పాప ఒప్పుకోదు.

సమాధానం 1

అమ్మా, ఈస్ట్ మీరు వేయకపోయినా అది ద్రాక్షతో పాటే మీ ఇంటికి వచ్చింది. పండ్ల తొక్కల మీద సహజంగానే ఈస్ట్ ఉంటుంది. పండును చిదిమి వెచ్చని చోట ఉంచితే అది రసంలోని చక్కెరను తిని ఆల్కహాలునూ, బుస్సుమన్న ఆ వాయువునూ పుట్టిస్తుంది. తాటిచెట్టు నుంచి తెల్లవారుజామున దింపిన నీరా పొద్దెక్కేసరికి కల్లుగా మారడం మనకు తెలిసిందే, దానిలోనూ ఎవరూ ఈస్ట్ కలపరు.

దీనికి విరుగుడు వేడి. 1869లో అమెరికాలోని న్యూజెర్సీలో థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు, చర్చిలో రొట్టె, వైన్ పంచుకునే ప్రభురాత్రి భోజనపు బల్ల మీద మద్యం ఉండకూడదనే పట్టుదలతో, సీసాల్లో పోసిన ద్రాక్షరసాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ పద్ధతిలో వేడిచేసి పులియకుండా నిలబెట్టాడు. మీరు చేయవలసిన పని కూడా అదే.

కిలో గింజల నల్లద్రాక్షను కాడలు తీసి బాగా కడిగి, ఒక గ్లాసు నీటితో స్టీలు గిన్నెలో సన్నని సెగ మీద పెట్టండి. పులుపు తగిలే పదార్థం కనుక కళాయి లేని ఇత్తడి గిన్నె, అల్యూమినియం గిన్నె పనికిరావు. పావుగంటకు తొక్కలు పగిలి, రంగంతా నీటిలోకి దిగుతుంది. అప్పుడు పప్పుగుత్తితో మెత్తగా అదమండి. మిక్సీలో మాత్రం వేయవద్దు, గింజ నలిగితే రసం వగరెక్కి, చేదు తగులుతుంది. పలుచని బట్టలో వడకట్టిన రసాన్ని అంగుళం దాల్చినచెక్క, నాలుగు లవంగాలు వేసి మళ్లీ పొయ్యి మీద పెట్టి, అంచుల వెంట బుడగలు వచ్చి ఆవిరి లేచే వరకు ఉంచి దింపేయండి. తెర్లకాగనిస్తే జామ్ వాసన వస్తుంది. తీపి చూసుకుని అవసరమైతేనే పంచదార కలపండి. చల్లారాక, వేడినీళ్లతో కడిగిన సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, మూడు రోజుల్లో వాడేయండి.

మరునాడు సీసా అడుగున ఇసుకలాంటి పలుకులు కనిపించవచ్చు. ద్రాక్షలోని ఆమ్లమే చలికి అలా లవణంగా పేరుకుంటుంది కనుక రసం పాడైందని పారబోయకండి. పైనున్న తేట వంచుకుంటే చాలు.

సమాధానం 2 (సికింద్రాబాద్, లాలాగూడ)

మా పక్కింటి ఆంగ్లో-ఇండియన్ ఆంటీ దగ్గర నేర్చుకున్నది చెబుతాను. వాళ్లు దానిని అల్లం వైన్ అంటారు కానీ పేరులో తప్ప దానిలో మద్యం లేదు. నూరు గ్రాముల అల్లాన్ని చితక్కొట్టి, నాలుగు లవంగాలతో లీటరు నీటిలో అరగంట మరిగించి, వడకట్టి, అర కిలో పంచదార కరిగించి, చల్లారాక మూడు నిమ్మకాయల రసం పిండాలి. రంగు కోసం రెండు చెంచాల పంచదారను విడిగా మూకుడులో ఎర్రగా మాడ్చి కలుపుతారు. ఈ మాడ్చడంలోనే ఉంది నేర్పంతా! ఒక్క క్షణం ఆలస్యమైతే నల్లబడి చేదెక్కుతుంది. పెద్దలకు ఒకటికి మూడు వంతుల నీళ్లు, పిల్లలకు ఐదు వంతులు కలిపితే ఘాటు సరిపోతుంది. నా మట్టుకు నాకు ద్రాక్ష పానీయం కంటే ఇదే డిసెంబరు చలికి తగినదనిపిస్తుంది, కానీ మూడేళ్ల బాబు అల్లం ఘాటుకు ముఖం చిట్లించవచ్చు.

సమాధానం 3

పైవారు చెప్పినవన్నీ సరైనవే, అయితే మద్యం లేనంత మాత్రాన ఎంతైనా తాగించవచ్చని కాదు. పండ్ల రసం ఇవ్వదలిస్తే రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు రోజుకు 125 మిల్లీలీటర్లు, ఆపై వయసు వారికి 250 మిల్లీలీటర్లు మించకూడదని భారతీయ శిశువైద్యుల సంఘం 2019లో సూచించింది. రెండేళ్ల లోపు వారికి అసలు వద్దన్నది. కాబట్టి మీ బాబుకు చిన్న టీ గ్లాసు చాలు. అలంకరణ కోసం నిండు ద్రాక్షపండ్లను గ్లాసులో వేసే అలవాటుంటే మానుకోండి, అవి చిన్నపిల్లల గొంతుకు అడ్డుపడతాయి. వేయవలసి వస్తే నిలువుగా నాలుగు ముక్కలు కోయాలి. అందం కోసమే అయితే సన్నగా చక్రాలుగా తరిగిన కమలాపండు చాలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఆగలేక నిన్ననే అర కిలో ద్రాక్షతో చేసి చూశాను. పప్పుగుత్తి ఊదారంగు ఇంకా వదలలేదు. ఈ ఉదయం సీసా అడుగున ఆ పలుకులు కనిపించాయి, మీరు చెప్పకపోయి ఉంటే తప్పకుండా పారబోసేదాన్ని. రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏది తాతయ్యదో, ఏది తనదో మా పాప పోల్చుకోలేకపోయింది. పండగనాడు పొరపాటున తారుమారు కాకుండా పిల్లల గ్లాసులకు ఎర్ర రిబ్బను కడదామనుకుంటున్నాను.